మా అమ్మాయి ముత్తవ్వ... మినిస్టర్!

క్వేకర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఓట్స్ ప్యాకెట్టే. వెడల్పాటి టోపీ, తెల్లజుట్టు, నవ్వు మొహంతో ఓ పెద్దాయన. నిజానికి ఆ కంపెనీకీ, క్వేకర్లనే మనుషులకీ ఏ సంబంధమూ లేదు. నిజాయితీపరులని వాళ్లకున్న పేరును కంపెనీ వాడుకుంది, అంతే. మూడేళ్ల క్రితం వరకు నాకూ అంతకుమించి తెలీదు.

ఇప్పుడు మాత్రం వాళ్ల గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. ఎందుకంటే మా అమ్మాయి వంశవృక్షంలో ఒక కొమ్మ నిండా వాళ్లే. ఆ కొమ్మ మీద తొమ్మిది తరాల వెనక ఓ ఆవిడ ఉంది. గుర్రమెక్కి ఊళ్లు తిరిగి, జనం మధ్య లేచి నిలబడి మాట్లాడిన మనిషి. ఆవిడ దొరికినప్పుడు ఎగిరి గంతేశాను. ఆ తర్వాత దొరికిన ఒక కాగితం చూశాక నాలుగు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. రెండూ చెప్తాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఆయనది అమెరికాలో ఒహాయో. ఉండేది కొలంబస్‌లో. వాళ్ల వైపు బంధువులు చాలామంది ఉన్నారు, పేర్లు రాయొద్దన్నారు. అందుకే ఈ కథలో ముత్తవ్వకి పేరు ఉండదు. మన వైపు పిలుపుతోనే ఆవిణ్ని ముత్తవ్వ అంటాను.

ఎం.ఓ.యు. అంటే ఏంటి?

మా అత్తగారు పెద్దిల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌కి మారుతూ సామాన్లు సర్దుతుంటే అట్టపెట్టె ఒకటి బయటపడింది. పాత ఫొటోలు, పుట్టిన తేదీలు రాసిన కాగితాలు. అందులో ఒక చీటీ మీద ‘మనవాళ్లు మొదట ఫ్రెండ్స్’ అని రాసి ఉంది. ఎవరి ఫ్రెండ్స్ అని నేనడిగితే ఆవిడ నవ్వి, “ఫ్రెండ్స్ అంటే క్వేకర్లమ్మా. కానీ మేం ఎప్పట్నుంచో మెథడిస్టులం కదా!” అన్నారు. ఆవిడకీ అది కొత్త సంగతే.

నాకు ఇలాంటివి దొరికితే వదలబుద్ధి కాదు. రాత్రిళ్లు పాప పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. అమెరికా క్వేకర్ల వంశావళి మీద విలియం వేడ్ హిన్‌షా అనే ఆయన పెద్ద పెద్ద సంపుటాలు తయారుచేయించాడు. వాటిలో ఒహాయోకి సంబంధించినవి ఉన్నాయి. అందులో భాష చూస్తే మన వాట్సాప్ భాష ఏం తక్కువ తిందిలే అనిపిస్తుంది. అంతా పొట్టి గుర్తులే. జి.సి.టి. అంటే ఫలానా ఊరికి వెళ్లడానికి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆర్.ఓ.సి.ఎఫ్. అంటే ఫలానా ఊరి నుంచి సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్లను చేర్చుకున్నారు. ఎం.ఓ.యు. అంటే తమవాళ్లను కాకుండా బయటివాళ్లను పెళ్లి చేసుకున్నారు. డి.ఐ.ఎస్. అంటే వెలి.

మా అత్తగారి నాయనమ్మకి నాయనమ్మ పేరు పక్కన ఈ చివరి రెండూ ఉన్నాయి. 1830ల్లో ఒక మెథడిస్టు కుర్రాణ్ని చేసుకున్నందుకు క్వేకర్లు ఆవిణ్ని బయటికి పంపేశారు. నాకు భలే నవ్వొచ్చింది. ఆంధ్రా కోడల్ని తెచ్చుకున్న ఇంట్లో, పక్క చర్చి అబ్బాయిని చేసుకున్నందుకు ఒకప్పుడు వెలి! మన ఊళ్లలో కులం తప్పి పెళ్లి చేసుకుంటే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. వాళ్లు వెలి వేసినా మర్యాదగా మినిట్స్‌లో రాసి వేశారు. ఆ రాత పుణ్యానే రెండు వందల ఏళ్ల తర్వాత నాకు దారి దొరికింది.

వెలి పడిన ఆవిడ వాళ్లమ్మానాన్నలు పెన్సిల్వేనియా నుంచి సర్టిఫికెట్‌తో ఒహాయో వచ్చారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన ఊరు పట్టుకున్నా. క్వేకర్ల పాత మినిట్స్ పుస్తకాలు చాలావరకు స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్ కాలేజీల లైబ్రరీల్లో భద్రంగా ఉన్నాయి. ఎన్నో స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు. ఫోన్ స్క్రీన్ మీద రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ ఆ గొలుసుకట్టు రాత చదవడం ఒక యజ్ఞమే అనుకోండి.

తేదీలు మరీ గమ్మత్తు. నెలల పేర్లలో, వారాల పేర్లలో పాత దేవుళ్లు ఉన్నారని క్వేకర్లు వాటిని పలికేవాళ్లు కారు. ఆదివారం అనకుండా మొదటి రోజు అనేవాళ్లు. నెలలకీ అంకెలే. అందులోనూ 1752కి ముందు ఇంగ్లిష్ వాళ్ల సంవత్సరాది మార్చిలో. కాబట్టి ఆ కాలం కాగితాల్లో మొదటి నెల అంటే జనవరి కాదు, మార్చి. ఇంచుమించు మన ఉగాది లెక్కే! అది తెలియకపోతే ఆ కాలం వాళ్లందరి పుట్టినరోజులూ రెండు నెలలు అటూ ఇటూ అయిపోతాయి.

‘నువ్వు’ అన్నందుకు జైలు

అసలు ఈ క్వేకర్లు ఎవరో కొంచెం చెప్పాలి.

1650ల్లో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన చుట్టూ మొదలైన సమాజం ఇది. దేవుడి వెలుగు ప్రతి మనిషి లోపలా ఉంటుంది, దానికి మధ్యలో పూజారి అక్కర్లేదు అన్నారు. కాబట్టి వాళ్ల ప్రార్థనలో పాటల్లేవు, పీఠం లేదు, జీతం తీసుకునే ఫాదర్ లేడు. అందరూ వచ్చి బల్లల మీద మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్తారు. లేదంటే గంటసేపు మౌనమే.

నాకు బాగా నచ్చింది వాళ్ల మాట తీరు. అప్పటి ఇంగ్లిష్‌లోనూ మనలాగే నువ్వు, మీరు రెండూ ఉండేవి. ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. పెద్దవాళ్లని, డబ్బున్నవాళ్లని, జడ్జీలని మీరు అనాలి. క్వేకర్లు ఆ పద్ధతి మానేశారు. అందరూ సమానమైతే అందరికీ ఒకే మాట అని, ఎవరినైనా నువ్వు అనే పిలిచేవాళ్లు. కలెక్టర్ ఆఫీసుకెళ్లి కలెక్టర్ గారిని “ఏమయ్యా, నువ్వు ఈ అర్జీ చూశావా?” అని అడగడం ఊహించుకోండి. సరిగ్గా అలాంటి పని అన్నమాట. టోపీ తీయడమూ అంతే. పెద్దమనిషి ఎదురైతే మన దగ్గర తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నట్టు, అక్కడ టోపీ తీయాలి. వీళ్లు తీసేవాళ్లు కారు. 1670లో లండన్‌లో విలియం పెన్ మీద విచారణ జరిగినప్పుడు కోర్టులో టోపీ విషయంలోనూ జరిమానా పడింది. వాళ్ల నాన్న పేరు మీదే తర్వాత పెన్సిల్వేనియా వచ్చింది.

జరిమానాలతో పోతే బాగుండేది. ఎంతోమంది జైళ్లకి వెళ్లారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో అయితే క్వేకర్లు ఊళ్లోకి రాకూడదని చట్టమే చేశారు. మేరీ డయ్యర్ అనే ఆవిడ పంపేసినా మళ్లీ మళ్లీ వచ్చింది. 1660 జూన్ 1న బోస్టన్‌లో ఆవిణ్ని ఉరి తీశారు. ఇప్పుడు అదే ఊళ్లో రాష్ట్ర అసెంబ్లీ భవనం ముందు ఆవిడ విగ్రహం ఉంది.

ఏ శాఖ మినిస్టరమ్మా?

ఆ పెన్సిల్వేనియా మినిట్స్‌లో 1750ల పేజీల దగ్గర మా ముత్తవ్వ పేరు కనిపించింది. పక్కనే ‘మినిస్టర్’ అని ఉంది.

ఉత్సాహం పట్టలేక మా నాన్నకి ఫోన్ చేశా. “నాన్నా, నీ మనవరాలి ముత్తవ్వ ఒకావిడ మినిస్టర్ అంట!” అన్నా. ఆయన తాపీగా, “ఏ శాఖమ్మా?” అన్నారు.

క్వేకర్లలో మినిస్టర్ అంటే మంత్రి కాదు, పాస్టరూ కాదు. చదువు, డిగ్రీ, దీక్ష ఏమీ ఉండవు. మౌనంలో లేచి మాట్లాడేవాళ్లలో కొందరి మాటలో నిజంగా బలం ఉందని, వింటే మనసుకి తగులుతోందని తోటివాళ్లకి అనిపిస్తే, ‘ఈమెకు ఈ వరం ఉంది’ అని మినిట్స్‌లో రాస్తారు. అంతే, మినిస్టర్ అయిపోయినట్టే. పైసా జీతం ఉండదు. ఇంట్లో పాలు పితుక్కుంటూ, నూలు వడుక్కుంటూ చేసుకోవాల్సిందే.

ఇందులో ఆడా మగా తేడా లేదు. అసలు జార్జ్ ఫాక్స్ మాట విని తొలి రోజుల్లోనే బోధన మొదలుపెట్టిన వాళ్లలో ఎలిజబెత్ హూటన్ అనే నడివయసు ఆవిడ ఉంది. మేరీ ఫిషర్ అనే ఆవిడ ఒకప్పుడు పనిమనిషి. 1658లో టర్కీ దాకా వెళ్లి సుల్తాన్‌నే కలిసి తన మాట చెప్పి వచ్చింది. మార్గరెట్ ఫెల్ ఆడవాళ్లు దేవుడి మాట చెప్పొచ్చని జైల్లో ఉండగానే పుస్తకం రాసింది. అది 1666లో అచ్చయింది. ఆ కాలంలో మిగతా చర్చిల్లో ఆడవాళ్లు నోరెత్తితేనే తప్పు.

మా ముత్తవ్వ వీళ్లంత పేరున్న మనిషి కాదు. ఒక రైతు భార్య. ఎనిమిది మంది పిల్లలు. క్వేకర్లలో ఆడవాళ్ల సభ వేరుగా జరిగేది, దాని మినిట్స్ వేరుగా ఆడవాళ్లే రాసుకునేవాళ్లు. అందులో ఉంది, వర్జీనియా, కరోలినా వైపు ఉన్న మిత్రుల్ని చూసి రావాలని తనకు లోపల్నుంచి పిలుపు వచ్చిందని ఈమె సభలో చెప్పుకుంది. సభ ఆలోచించి ఒప్పుకుంది. తోడుగా ఇంకో ఆవిడ. ఇలాంటి ప్రయాణాలకి ఆడవాళ్లు జంటగా వెళ్లేవాళ్లు. చేతిలో సభ ఇచ్చిన సర్టిఫికెట్. అది చూపిస్తే ఏ ఊరి క్వేకర్లయినా ఇంట్లో పెట్టుకుని అన్నం పెడతారు. గుర్రాల మీద, అడవుల్లోంచి, నదులు దాటుకుంటూ నెలల తరబడి తిరిగి వచ్చి, సర్టిఫికెట్ మళ్లీ సభకి అప్పగించింది. వెళ్లిన చోట ఆమె మాటలు మేలు చేశాయని అక్కడివాళ్లు రాసి పంపారు.

అప్పటికి ఆవిడ ఆఖరి బిడ్డకి రెండేళ్లు!

ఆ పేజీ చదివాక కాసేపు అలా ఉండిపోయా. నేను ఆఫీసు పని మీద మూడు రోజులు డల్లాస్ వెళ్తానంటేనే “పాపని ఎవరు చూసుకుంటారు?” అని మా ఇంట్లో రెండు ఖండాల నుంచి ఫోన్లు వస్తాయి.

మన వైపు ఖాళీ గడులు

మా అమ్మాయికి పదకొండేళ్లు. పెద్ద చార్ట్ మీద వంశవృక్షం గీసుకుంటోంది. వాళ్ల నాన్న వైపు తొమ్మిది తరాలు నిండాయి. నా వైపుకి వచ్చేసరికి, “అమ్మా, మీ తాతమ్మ పేరేంటి?” అంది.

మా నాన్న వైపు తాతమ్మ పేరు చెప్పాను. అమ్మ వైపు తాతమ్మ పేరు నాకు తెలీదు. అమ్మనడిగా. “మేం పెద్దమ్మమ్మ అనేవాళ్లం. అసలు పేరు... ఉండు, గుర్తు తెచ్చుకుంటా” అంది. ఇంకా తెచ్చుకుంటూనే ఉంది.

మనకి చరిత్ర లేదని కాదు. ఇంటిపేరుంది, గోత్రం ఉంది. ఒకప్పుడు పిచ్చుకుంట్లవాళ్లు ఊరికి వచ్చి మీ గోత్రం ఇది, మీవాళ్లు ఫలానా చోటు నుంచి వచ్చారు అని కథ చెప్పి గింజలు తీసుకెళ్లేవాళ్లు. కానీ ఆ వరస అంతా కొడుకుల వరస. ఆడపిల్లకి పెళ్లయితే ఇంటిపేరు మారిపోతుంది. కొన్ని ఇళ్లలో అయితే అత్తారింట్లో ఆ పేరున్నవాళ్లు ముందే ఉన్నారని కోడలి పేరు కూడా మార్చేసేవాళ్లు. ఆ తర్వాత ఆమె ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి తల్లి. మూడు తరాలు దాటితే మాయం.

అందుకే క్వేకర్ల మినిట్స్ మీద నాకు మోజు పెరిగింది. వాళ్ల పెళ్లి కాగితం చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. పెళ్లికి పూజారి ఉండడు. ఇద్దరూ లేచి ఒకరికొకరు మాటిచ్చుకుంటారు. వచ్చినవాళ్లంతా, ఆడవాళ్లతో సహా, సాక్షులుగా సంతకాలు పెడతారు. మా ముత్తవ్వ పెళ్లి కాగితం కింద ఆడవాళ్ల సంతకాలు లెక్కపెట్టా. పందొమ్మిది. ఆ ఊళ్లో ఆ రోజున పందొమ్మిది మంది ఆడవాళ్లు ఉన్నారని నాకిప్పుడు తెలుసు. మా తాతమ్మ పెళ్లికి ఎంతమంది వచ్చారో ఎవరికి తెలుసు?

చూశారా, అక్కడికి నాకు ఆవిడంటే పిచ్చి అభిమానం ఏర్పడిపోయింది. ఆవిడ సమాధి వెతుకుదామనుకున్నా. కానీ పాత క్వేకర్లు సమాధి మీద రాయి కూడా పెట్టుకునేవాళ్లు కారు. అదీ ఆడంబరమేనట. అది తెలిశాక గౌరవం ఇంకా పెరిగింది.

వీలునామాలో ఓ అమ్మాయి

ఆ తర్వాత ముత్తవ్వ వాళ్ల నాన్న వీలునామా దొరికింది. 1740లది. పొలం కొడుకులకి. గడియారం పెద్ద కొడుక్కి. కూతుళ్లకి ఆవులు, పరుపులు, ఇత్తడి సామాను. మా ముత్తవ్వకి ఒక ఆవు, ఒక మంచం, ఒక నీగ్రో పిల్ల.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. మంచానికీ ఆ పిల్లకీ మధ్య ఒక్క కామా ఉంది.

క్వేకర్లు బానిసత్వాన్ని వ్యతిరేకించారని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. అది నిజమే, కానీ సగం నిజం. 1688లోనే జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు ఇది తప్పని సంతకాలు పెట్టి పై సభకి పంపారు. పై సభలవాళ్లు ఇది మా వల్ల తేలే విషయం కాదని పక్కన పెట్టేశారు. బాగా ఉన్న క్వేకర్లలో చాలామందికి బానిసలు ఉండేవాళ్లు మరి.

అడిగినవాళ్లు మాత్రం అడుగుతూనే ఉన్నారు. బెంజమిన్ లే అని నాలుగడుగుల పొట్టి మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య సారా కూడా మినిస్టరే. 1738లో బర్లింగ్టన్‌లో వార్షిక సభ జరుగుతుంటే ఆయన కోటు కింద కత్తి పెట్టుకుని, లోపల తొలిచిన పుస్తకంలో ఎర్రటి పండ్ల రసం తిత్తి పెట్టుకుని వెళ్లాడు. సాటి మనిషిని బానిసగా ఉంచుకోవడం అంటే వాడి గుండెలో పొడవడమే అంటూ పుస్తకాన్ని కత్తితో పొడిచాడు. రక్తంలాంటి రసం పక్కనున్నవాళ్ల మీద చిమ్మింది. ఆయన్ని బయటికి మోసుకుపోయారు. జాన్ ఉల్మన్ అనే ఆయనది ఇంకో తీరు. గొడవ పడేవాడు కాదు. బానిసలున్న క్వేకర్ల ఇళ్లకి వెళ్లి కూర్చుని మెల్లగా, బాధపడుతూ అడిగేవాడు.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ ఒక మెట్టు దిగింది. బానిసల్ని కొనేవాళ్లని, అమ్మేవాళ్లని సభా వ్యవహారాల నుంచి దూరం పెట్టాలంది. ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లి నచ్చజెప్పడానికి కమిటీ వేసింది. అందులో ఉల్మన్ ఉన్నాడు. చివరికి 1776లో, బానిసల్ని వదలనివాళ్లని సమాజం నుంచే తీసేయాలని నిర్ణయించింది. మొదటి అర్జీకి, ఈ నిర్ణయానికి మధ్య 88 ఏళ్లు!

ఆ 1770ల కాగితాల్లోనే మా ముత్తవ్వ ఇంటి విడుదల పత్రం ఉంది. ఫలానా స్త్రీని ఈ రోజు నుంచి స్వతంత్రురాలిని చేస్తున్నాం అని. అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదాని ఆస్తి భర్తదే కాబట్టి సంతకం ముత్తాతది. విడుదలైన ఆమెకి ఒక్క పేరే ఉంది. ఇంటిపేరు లేదు. పిల్లగా వచ్చిన మనిషి ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉంది.

ఇప్పుడు ఆ ప్రయాణం గురించి మళ్లీ ఆలోచించండి. ముత్తవ్వ గుర్రమెక్కి వర్జీనియా వెళ్లినప్పుడు ఇంట్లో ఎనిమిది మంది పిల్లలకి వండింది ఎవరు? ఆ రెండేళ్ల బిడ్డ ఎవరి చంకన ఉంది? మినిట్స్‌లో ఆ సంగతి లేదు. కానీ సంసారం చేసినవాళ్లెవరికైనా అర్థమవుతుంది.

ముత్తవ్వ చనిపోయాక సభవాళ్లు ఆమె గురించి ఒక జ్ఞాపిక రాశారు. మంచి మినిస్టర్లందరికీ అలా రాసేవాళ్లు. వినయం, దయ, ప్రయాణాలు, చివరి రోజుల ఓర్పు అన్నీ ఉన్నాయి. ఆ స్త్రీ మాట మాత్రం ఒక్క ముక్క లేదు.

అందరినీ నువ్వు అని పిలిచిన మనుషులు వీళ్లు. గవర్నర్‌ని నువ్వు అన్న నోటితోనే ఆ పిల్లనీ నువ్వు అన్నారు. పిలుపులో సమానత్వం వచ్చేసింది. వీలునామాలోకి రావడానికే అంతకాలం పట్టింది. వచ్చాక కూడా పూర్తిగా రాలేదు. 1800ల్లో ఫిలడెల్ఫియాలో సారా మ్యాప్స్ డగ్లస్ అనే నల్లజాతి టీచర్ వాళ్లమ్మతో కలిసి క్వేకర్ ప్రార్థనకి వెళ్లేది. అక్కడ నల్లవాళ్లకి వేరే బల్ల. దాని గురించి ఆవిడ బాధపడుతూ రాసింది. మన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి విన్నవాళ్లకి ఆ బల్ల కళ్ల ముందు కనిపిస్తుంది.

“మంచిదా, చెడ్డదా?”

ఇదంతా మా అమ్మాయికి చెప్పాలా వద్దా అని మా ఇంట్లో వారం రోజులు చర్చ. మా ఆయన, పెద్దయ్యాక చెబుదాం అన్నాడు. అత్తగారు మాత్రం, “నాకు డెబ్భై దాటాయి, నాకే ఎవరూ చెప్పలేదు. ఇంకెప్పుడు చెప్తారు?” అన్నారు. అలా మాట తేలింది.

చెప్పాను. అది అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. “అయితే ఆవిడ మంచిదా, చెడ్డదా?”

ఇలాంటి ప్రశ్నకి మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, ఆ కాలం అలాంటిదమ్మా. రెండు, ఆవిడ దొంగ భక్తురాలు. మొదటిది నేను అనలేకపోయా. ఎందుకంటే అదే కాలంలో, అదే సమాజంలో బెంజమిన్ లే, ఉల్మన్ ఉన్నారు. తప్పని తెలియడానికి అవకాశం లేక కాదు. రెండోదీ అనలేకపోయా. ఆడది నోరు విప్పకూడదన్న లోకంలో నోరు విప్పిన మనిషి, ఆ ధైర్యం నకిలీది కాదు. ఆవిడ చేసింది నిజం, ఆవిడ ఇంట్లో జరిగిందీ నిజం. అదే చెప్పాను.

అది కాసేపు ఆలోచించి, “మరి రెండో ఆవిడ పేరు చార్ట్‌లో ఎక్కడ రాయాలి?” అంది. రాయడానికి గడి లేదు. వంశవృక్షంలో రక్తసంబంధానికే గడులు. చివరికి ముత్తవ్వ గడి పక్కనే ఇంకో గడి గీసింది. గీత కలపలేదు. కింద, ‘ఈ ఇంట్లో ముప్పై ఏళ్లు ఉంది’ అని రాసింది.

ఆ పేరు నేనిక్కడ రాయొచ్చు. రాయడం లేదు. ఒకావిడ పేరు గౌరవం కోసం దాచి, ఇంకొకావిడ పేరు బయటపెట్టడం న్యాయం అనిపించలేదు. రాస్తే ఇద్దరివీ రాయాలి.

పద్దుల పుస్తకం

ఆ తర్వాత మా అమ్మాయి అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. “అమ్మా, మీ ఇంట్లో ఎవరుండేవాళ్లు?”

మా తాతగారికి పదెకరాల మాగాణి. ఇద్దరు పాలేళ్లు ఉండేవాళ్లు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు అని మాట. ఒకాయన భార్య మా ఇంట్లో అంట్లు, పేడకళ్లు, పిల్లల్ని చూడటం అన్నీ చేసేది. మా నాన్న వాళ్ల చెల్లెళ్లు ముగ్గురూ తెనాలి వెళ్లి కాలేజీలో చదివారంటే, ఇంటి పని వాళ్ల మీద పడకపోవడం వల్లే. మా మేనత్త ఒకావిడ ఆ ఊళ్లో డిగ్రీ చేసిన మొదటి ఆడపిల్ల. మా ఇంట్లో ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం. అంట్లు తోమిన ఆవిడ సంగతి ఆ మాటలో ఉండదు.

పాలేరుతనం, అమెరికా బానిసత్వం ఒకటే అని నేననడం లేదు. మనుషుల్ని సంతలో అమ్మడం వేరు. కానీ అప్పు తీరక తండ్రి తర్వాత కొడుకు అదే ఇంట్లో పనికి కుదరడం మన ఊళ్లలో అందరూ చూసిందే. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ దేశంలో చట్టం వచ్చింది 1976లో. అది ముత్తవ్వల కాలం కాదు, మా నాన్న కాలేజీ రోజులు. ఇక పిలుపులంటారా? ఐదేళ్ల పిల్లాడు యాభై ఏళ్ల పాలేరుని “ఒరేయ్” అనేవాడు, ఆయన ఆ పిల్లాణ్ని “అయ్యగారూ” అనేవాడు. క్వేకర్లు జైలుకి వెళ్లి మరీ సరిచేసిన ఆ మొదటి మెట్టు కూడా మనం ఎక్కలేదన్నమాట.

మా నాన్నకి ఫోన్ చేసి, తాతగారి పద్దుల పుస్తకం ఇంకా ఉందా అని అడిగా. “ఎందుకమ్మా ఇప్పుడు అవన్నీ?” అన్నారు. విషయం చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందనుకున్నా. తర్వాత, “పుస్తకంలో పొట్టి పేర్లే ఉంటాయి. ఇంటిపేర్లు రాయలేదు. మా నాన్న ఎవరివీ రాసేవాడు కాదు” అన్నారు.

నేను బలవంతపెట్టలేదు. పదిరోజుల తర్వాత వాట్సాప్‌లో ఆయన్నుంచి ఫొటో వచ్చింది. పసుపుపచ్చబడిన పేజీ, ఉగాది నుంచి ఉగాదికి లెక్క. బస్తాలు, చేబదుళ్లు, ఒకచోట ‘ఆసుపత్రి ఖర్చు’. కింద ఆయన మెసేజ్ టైప్ చేశారు. పెద్ద పాలేరు మనవడు ఇప్పుడు మంగళగిరిలో ఉంటున్నాడట. ఎవరినో అడిగి నంబరు కనుక్కుని, తనే ఫోన్ చేశారట. ఆయన ఇంటిపేరు, వాళ్ల నాయనమ్మ పేరు, ఆవిడ పుట్టినూరు, అన్నీ కనుక్కుని రాశారు. మా ఇంట్లో అంట్లు తోమినావిడ ఆ నాయనమ్మే. ఆ మనవడు చివర్లో, “ఇన్నాళ్లకి ఎందుకు అడుగుతున్నారండీ?” అన్నాడట. మా నాన్న మనవరాలి చార్ట్ గురించి చెప్పారట. అతను నవ్వి, “మా పాప కూడా అలాంటిదే ఏదో గీస్తోంది, మీ దగ్గర మా తాత ఫొటో ఏమైనా ఉందా?” అని అడిగాడట.

ఫొటో ఉంది. మా మేనత్త పెళ్లిలో, పందిరి గుంజ పక్కన నిలబడి ఉన్నది. దాన్ని స్కాన్ చేయించి పంపమని మా నాన్నకి చెప్పాను.

రెండో పాలేరు ఇంటిపేరు మాత్రం ఇంకా తెలియలేదు. మా నాన్న ఊళ్లో అడుగుతున్నారు.